అరకు కొండల్లో చైత్ర వైశాఖాలు: వాతావరణ సూచనను పాడి రైతు చదవవలసిన తీరు

ప్రతి సంవత్సరం మార్చి నెలాఖరుకు గాని, ఏప్రిల్ మొదటి రోజుల్లో గాని భారత వాతావరణ శాఖ వారు వేసవి సూచన వెలువరిస్తారు. దేశంలో ఏ ప్రాంతంలో ఎండలు సాధారణం కంటె ఎక్కువగా ఉండవచ్చునో, ఎక్కడ తక్కువగా ఉండవచ్చునో అందులో ఉంటుంది. మైదాన ప్రాంతపు సంఘాల సభ్యులు దానిని శ్రద్ధగా తెలుసుకుంటారు. శాలకు చలువ పందిరి వేయడం, నీళ్ల తొట్టి బాగుచేయడం మొదలుపెడతారు. కొండ మీది సభ్యులు కొందరు మాత్రం "మనది చల్లని ఊరు, ఎండల సంగతి కింది వాళ్లకు" అని ఊరుకుంటారు.

అరకు లోయ, అనంతగిరి, పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో ఆవును, గేదెను పోషించుకునే వారికి ఏప్రిల్, మే నెలలు నిజానికి ఏడాదిలోకెల్లా చిక్కైన రోజులు. పొద్దున ఎండ, మధ్యాహ్నం ఉక్క, సాయంత్రం ఉరుము, దానితోపాటు ఒక్కొక్కసారి వడగండ్లు. సూచనలో ఏ మాటకు ఏ అర్థమో, ఏ మాట విన్నప్పుడు ఏ పని చేయాలో తెలిసి ఉంటే పశువు దక్కుతుంది, పాలు దక్కుతాయి. ఆ వివరాలు సభ్యుల ముందు ఉంచుతున్నాము.

కొండకు కొలబద్ద వేరు

అరకు లోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. కొత్తవలస నుండి కిరండూలు పోయే రైలు మార్గంలో శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తుకు పోయినకొద్దీ గాలి చల్లబడుతుంది. సగటున ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల సెంటిగ్రేడు తగ్గుతుందని లెక్క. ఆ లెక్కన కింద మైదానంలో 40 డిగ్రీలు ఉన్న రోజున అరకులో 34 డిగ్రీల ప్రాంతంలో ఉండాలి. కొండవారు తమది చల్లని ఊరు అనుకోవడానికి ఇదే ఆధారం.

అయితే వాతావరణ శాఖ వారు వడగాలిని లెక్కకట్టేటప్పుడు కొండకూ మైదానానికీ ఒకే కొలబద్ద పెట్టరు. మైదానంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరితేనే వడగాలి మాట ఎత్తుతారు. కొండ ప్రాంతంలో 30 డిగ్రీలకు చేరితే చాలు. దానితోపాటు ఆ రోజు ఉష్ణోగ్రత అక్కడి సాధారణ ఉష్ణోగ్రత కంటె నాలుగున్నర డిగ్రీలు గాని, అంతకు మించి గాని ఎక్కువ ఉండాలి. కొండ మీది మనిషి, పశువు, చెట్టు ఆ చల్లదనానికే అలవాటు పడి ఉంటాయి కాబట్టి ఈ తేడా పెట్టారు. ఎంత వేడి అనే ప్రశ్నతోపాటు, అలవాటుకు ఎంత మించిన వేడి అనేది కూడా చూడాలన్న మాట.

సూచనలో "సాధారణం" అనే మాట వచ్చినప్పుడు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సాధారణం అంటే ఎన్నో ఏళ్ల లెక్కలు తీసి కట్టిన సగటు. "సాధారణం కంటె ఎక్కువ" అన్నంత మాత్రాన ప్రతి రోజూ మండిపోతుందని కాదు. "సాధారణం" అన్నంత మాత్రాన ఏ రోజూ ప్రమాదం లేదనీ కాదు. రెండు నెలల సగటు మామూలుగా ఉన్న ఏడాదిలోనే ఒక్క సాయంత్రపు గాలివాన శాల కప్పు ఎగరగొట్టిపోవచ్చు.

ఆవు ఒంటికి తెలిసే వేడి

ఆవు తన ఒంటి వేడిని చెమట ద్వారాను, ఎగశ్వాస ద్వారాను బయటకు పంపుకుంటుంది. గాలి పొడిగా ఉంటే ఆ తడి త్వరగా ఆరి ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే ఆరదు. అందుచేత పశువైద్య శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రతను, తేమను కలిపి ఒక సూచిక కడతారు. ఈ ఉష్ణ తేమ సూచిక 72 దాటిన దగ్గర నుండి ఎక్కువ పాలిచ్చే సంకర జాతి ఆవుకు ఇబ్బంది మొదలవుతుంది. మేత తగ్గుతుంది, ఆ వెనుకనే పాలు తగ్గుతాయి, ఎద లక్షణాలు సరిగా కనబడవు.

ఒక ఉదాహరణ చూడండి. మైదానంలో 38 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 25 శాతం అనుకొందాము. కొండ మీద 32 డిగ్రీలు, తేమ 60 శాతం అనుకొందాము. లెక్క కడితే రెండు చోట్లా సూచిక దాదాపు 83 వస్తుంది. మనిషికి ఆరు డిగ్రీల తేడా హాయిగా తోచవచ్చు గాని, ఆవుకు ఆ రెండు చోట్లూ ఒకటే. వాన కురిసి వెలిసిన మర్నాడు ఉక్కపోతగా ఉన్నప్పుడు పాలు తగ్గాయంటే దాణాను అనుమానించే ముందు ఈ లెక్క గుర్తుకు తెచ్చుకోవాలి.

కొండకు ఒక వరం లేకపోలేదు. రాత్రులు చల్లగా ఉంటాయి. పగలు పట్టిన వేడిని పశువు రాత్రి వదిలించుకోగలదు. కాబట్టి దాణాను, మేతలో ఎక్కువ భాగాన్ని తెల్లవారుజామునను, పొద్దు వాలిన తరువాతను వేయడం మేలు. రాత్రి శాలలో గాలి ఆడాలి. చలిగాలి వస్తుందని నాలుగు వైపులా తడికెలు బిగించి కట్టితే ఆ వరం చేజారుతుంది. నీళ్లు రేయింబవళ్లు అందుబాటులో ఉండాలి. పాలిచ్చే సంకర జాతి ఆవు వేసవిలో రోజుకు 50 లీటర్లకు పైగానే తాగుతుంది. ఏప్రిల్ నెలలో ఊటలు సన్నగిల్లి గెడ్డలు చిక్కిపోయే చోట ఈ లెక్కను ముందుగానే చూసుకోవాలి.

మధ్యాహ్నం మబ్బు ఎందుకు లేస్తుంది

వేసవిలో బంగాళాఖాతం మీదుగా వచ్చే గాలి తేమను మోసుకుని వస్తుంది. తూర్పు కనుమలు ఆ గాలికి అడ్డు నిలుస్తాయి. పగటి ఎండకు కొండ చరియలు కాగి, వాటిని ఆనుకున్న గాలి వేడెక్కి తేలికై పైకి లేస్తుంది. కింది తేమ గాలి దాని వెంట పోతుంది. పైకి పోయినకొద్దీ చల్లబడి మేఘమవుతుంది. లోతట్టు రాష్ట్రాల మీదుగా అల్పపీడన ద్రోణి సాగి ఉన్న రోజుల్లో ఈ పని మరింత జోరుగా జరుగుతుంది. పొద్దున తేటగా ఉన్న ఆకాశంలో రెండు మూడు గంటలకల్లా గోపురం వంటి మబ్బు నిలబడుతుంది. నాలుగు, అయిదు గంటలకు గాలి, ఉరుము, వాన. రాత్రికి మళ్లీ చుక్కలు కనబడతాయి.

ఈ వానలను తిట్టుకోవలసిన పని లేదు. మార్చి, ఏప్రిల్ వానలకు కాఫీ పూత నిలుస్తుంది. ఎండిపోయిన బయళ్లలో పచ్చిక తిరిగి మొలుస్తుంది. అయితే ఈ వాన ఊరంతటికీ పడదు. ఒక గూడెంలో కుండపోతగా కురిసి, మైలు దూరంలోని గూడెంలో చినుకైనా రాలకపోవచ్చు. "అక్కడక్కడ ఉరుములతో కూడిన వానలు" అని సూచనలో చెప్పేది ఇందుకే. మన ఇంటి మీద పడలేదు గనుక సూచన తప్పింది అనుకోవడం సరికాదు. పక్క గూడెంలో పడి ఉండవచ్చు.

ఈ వరస రోహిణి కార్తె దాకా నడుస్తుంది. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ 1న కేరళను తాకుతాయి. ఉత్తర కోస్తాకు జూన్ రెండవ వారం ప్రాంతంలో చేరతాయి. మృగశిరతో రోజుల తరబడి పట్టే ముసురు మొదలవుతుంది. మధ్యలో మే నెలలో బంగాళాఖాతంలో తుపాను పుట్టే అవకాశం కూడా ఉన్నది. 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా, 2022 మే నెలలో కోస్తాను తాకిన అసని ఇందుకు సాక్ష్యం.

మూడు రకాల సూచనలు, మూడు రకాల పనులు

వాతావరణ సూచనలన్నీ ఒకటి కావు. ఏ సూచనతో ఏ పని చేయాలో విడదీసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

మొదటిది రుతువుకు చెప్పేది. ఏప్రిల్ ప్రాంతంలో వేసవికి, ఏప్రిల్ మధ్యలో వానాకాలానికి సూచన వస్తుంది. వానాకాలపు సూచనను మే నెలాఖరుకు మరల సవరించి చెబుతారు. దీనిని బట్టి గడ్డి ఎంత నిలువ చేయాలి, పచ్చిమేత విత్తనం ఎంత తెప్పించుకోవాలి, నీటికి ఏ ఏర్పాటు చేయాలి అనేవి నిర్ణయించుకోవాలి. ఫలానా తేదీన వాన పడుతుందా అనే ప్రశ్నకు దీనిలో జవాబు దొరకదు.

రెండవది వారానికి చెప్పేది. వ్యవసాయ వాతావరణ సలహాలు వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం వెలువడతాయి. గడ్డివామి కప్పడం, టీకా రోజు పెట్టుకోవడం, గడ్డి కోసి ఆరబెట్టడం వంటి పనులకు ఇది ఆధారం. దీనిలో పసుపు రంగు వస్తే కనిపెట్టి ఉండమని, నారింజ రంగు వస్తే సిద్ధంగా ఉండమని, ఎరుపు రంగు వస్తే వెంటనే జాగ్రత్త తీసుకోమని అర్థం.

మూడవది రాబోయే మూడు గంటలకు చెప్పే తక్షణ సూచన. మేఘం లేచాక రాడారు చూసి చెప్పేది ఇదే. పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపే "దామిని" అనే సెల్‌ఫోను సదుపాయాన్ని పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ వారు తయారుచేశారు. పశువును చెట్టు కింద నుండి తోలుకు రావడానికి ఉపయోగపడేది ఈ మూడవ సూచన మాత్రమే. క్లుప్తంగా చెప్పాలంటే మొదటిది గడ్డివామికి, రెండవది వారపు పనులకు, మూడవది ప్రాణానికి.

పిడుగు

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదైనట్లు విపత్తు నిర్వహణ అధికారులు ప్రకటించారు. ఏప్రిల్ నెల సాయంత్రాలు ఎంత ప్రమాదకరమో ఈ ఒక్క అంకె చెబుతుంది.

పిడుగు చెట్టుపై పడినప్పుడు విద్యుత్తు వేళ్ల వెంట నేలలోకి దిగి చుట్టూ పాకుతుంది. చెట్టు మొదట్లో దాని బలం ఎక్కువ, దూరం పోయినకొద్దీ తక్కువ. ఆవు ముందు కాళ్లకూ వెనుక కాళ్లకూ మధ్య దూరం ఎక్కువ కాబట్టి ఆ రెండు చోట్ల విద్యుత్తు బలంలో తేడా ఎక్కువ ఉంటుంది. ఆ తేడా వలన విద్యుత్తు ఒక జత కాళ్ల గుండా ఎక్కి గుండె మీదుగా రెండవ జత కాళ్ల గుండా దిగుతుంది. చెట్టు కింద గుంపుగా నిలిచిన పశువులు ఒకే పిడుగుకు కూలిపోవడానికి కారణం ఇదే. పిడుగు నేరుగా వాటి మీద పడనక్కరలేదు.

కాబట్టి ఒంటరి చింత, మామిడి చెట్ల కింద గాని, కాఫీ తోటల్లో ఎత్తుగా పెరిగిన సిల్వర్ ఓకు చెట్ల మొదట గాని పశువులను కట్టరాదు. ముళ్లతీగ కంచెకు ఆనించి కట్టరాదు. దూరాన పడిన పిడుగు కూడా తీగ వెంట పరుగెత్తి వస్తుంది. మెరుపు కనబడగానే లెక్కపెట్టడం మొదలుపెట్టండి. ఉరుము వినబడేవరకు ఎన్ని సెకన్లు పట్టినదో దానిని మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడినదో తెలుస్తుంది. ముప్పయి సెకన్ల లోపే ఉరుము వినబడితే అది పది కిలోమీటర్ల లోపున ఉన్నదని, మందను శాలకు తోలవలసిన సమయం దాటిపోతున్నదని గ్రహించాలి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి గాని తిరిగి మేపుకు తోలరాదు.

దారిలో చిక్కుకుంటే పశువులను విప్పి విడివిడిగా ఉండనివ్వండి. కాపరి చెట్టుకు, కంచెకు, మందకు దూరంగా పల్లపు చోట రెండు పాదాలు దగ్గరగా చేర్చి గొంతుకూర్చోవాలి. నేల మీద పడుకోరాదు. పశువు విలువైనదే, దానిని కాచే పిల్లవాడి ప్రాణం అంతకంటె విలువైనది. తాడు కోసం వెనుకకు పరుగెత్తవద్దని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. గాలివాన వెలిశాక తెగిపడిన కరెంటు తీగలు ఉన్నాయేమో చూసుకుని గాని మందను దారిన నడపవద్దు.

దురదృష్టవశాత్తు పశువు చనిపోతే పూడ్చే ముందుగా పశువైద్యునికి, గ్రామ రెవెన్యూ అధికారికి తెలియజేయాలి. బీమా ఉన్న పశువు అయితే బీమా వారికి కూడా వెంటనే కబురు పెట్టి, చెవి పోగును భద్రపరచాలి. పరీక్ష జరగకుండా పూడ్చిపెడితే పరిహారం కోరడం కష్టమవుతుంది.

వడగండ్లు, గెడ్డ పొంగు

వడగండ్లు మేఘంలో చాలా ఎత్తున తయారై కిందికి పడుతూ కరుగుతాయి. కొండ ఊరు ఎత్తున ఉన్నది కాబట్టి అవి కరగడానికి దూరం తక్కువ. మైదానంలో చినుకుగా పడేది కొండ మీద గడ్డగానే పడవచ్చు. వడగండ్ల వాన కురిసిన అరగంటలో గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది. పొద్దంతా ఎండలో ఉండి సాయంత్రం తడిసిన దూడకు ఊపిరితిత్తుల వాపు వచ్చే ప్రమాదం ఉంటుంది. తడిసిన దూడను గోనెపట్టాతో బాగా తుడిచి, పొడి గడ్డి పరచిన చోట కట్టాలి.

గెడ్డల విషయంలో ఇంకొక జాగ్రత్త. మన తలపై ఆకాశం తేటగా ఉన్నా ఎగువ కొండపై కురిసిన వాన కొద్ది సేపట్లోనే గెడ్డలో పొంగుగా దిగుతుంది. ఎగువన నల్లమబ్బు కనబడితే మందను అవతలి ఒడ్డుకు తోలవద్దు. తోలి ఉంటే పొంగు తగ్గేవరకు అక్కడే ఆపండి.

సాయంత్రం పాలు

గాలివాన వచ్చే వేళ, సాయంత్రం పాలు పిండి కేంద్రానికి తెచ్చే వేళ రెండూ ఒకటే కావడం కొండ సంఘాల కష్టం. చెట్టు కూలి ఘాటు రోడ్డు మూసుకుపోతుంది. కరెంటు పోయి శీతలీకరణ యంత్రం ఆగుతుంది. పాలలోని సూక్ష్మజీవులు వెచ్చదనంలో అరగంటకు ఒకసారి రెట్టింపు అవుతాయనుకుంటే, మూడు గంటల్లో ఒకటి 64 అవుతుంది. ఒక నలభై లీటర్ల క్యానులో ఒక్కరి పులిసిన పాలు కలిసినా క్యాను మొత్తం విరుగుతుంది. ఆ నష్టం పది ఇళ్ల వారికి పంచుకోవలసి వస్తుంది.

దీనికి ముందుచూపు ఒక్కటే మందు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు సేకరణను ముందుకు జరుపుకోవచ్చును. అయితే ఒక్కసారిగా జరిపితే పశువు పాలు సరిగా చేపదు. రోజుకు పావుగంట చొప్పున జరుపుతూ, ఉదయపు వేళను కూడా అదే విధంగా సవరించాలి. దారి మూసుకుపోయిన రోజున క్యానులను నీడలో, పారే నీటిలో గాని నీళ్ల తొట్టిలో గాని మెడ దాకా దించి ఉంచాలి. మూతలోకి నీరు పోకుండా చూడాలి. ఉదయం పాలను, సాయంత్రం పాలను కలపరాదు. పాలు నిలువ ఉండేందుకని సోడా గాని, మంచు ముక్కలు గాని, మరే పదార్థం గాని వేయడం నేరం. అది తాగే పిల్లలకు అపకారం కూడా.

కొత్త పచ్చిక, జొన్న పిలకలు, టీకాలు

తొలి వానలకు మొలిచిన లేత పచ్చికను ఆకలిగొన్న పశువు ఆబగా మేస్తుంది. కడుపు ఉబ్బరం, పారుడు కలుగుతాయి. మేపుకు తోలే ముందు కొంచెం ఎండుగడ్డి వేసి, మేపు వేళను కొద్ది కొద్దిగా పెంచాలి. అంతకంటె ప్రమాదం జొన్న పిలకలతో ఉన్నది. నీరు లేక వాడిన లేత జొన్నలోను, కోసిన మోళ్ల నుండి వాన తరువాత లేచిన పిలకలలోను ప్రాణాంతకమైన విషం ఉంటుంది. జొన్నను పూత దశకు రాకముందు మేపరాదు. జొన్న మేసిన పశువు ఎగరొప్పుతూ తూలి పడిపోతే క్షణం ఆలస్యం చేయక పశువైద్యుని పిలవాలి. దీనికి విరుగుడు ఉన్నది గాని, వేళకు అందాలి.

గొంతువాపు, జబ్బవాపు టీకాలు ముసురు పట్టకముందే వేయించాలి. టీకా వేసిన రోజునే రక్షణ రాదు. రెండు మూడు వారాలు పడుతుంది. రుతుపవనాలు జూన్ రెండవ వారానికి వస్తాయనుకుంటే మే మధ్య నాటికి టీకా పని పూర్తి కావాలని వేరే చెప్పనక్కరలేదు.

సంఘాలు వెంటనే చేయవలసినవి

1. సూచనలు చూసి చెప్పే పని సంఘంలో ఒకరికి అప్పగించండి. ప్రతి మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఒకసారి, మబ్బు లేచిన రోజున ప్రతి గంటకు ఒకసారి చూడాలి.

2. సెల్‌ఫోను సంకేతం అందని గూడేలు కొండల్లో ఉన్నాయి. పిడుగు హెచ్చరిక రాగానే కేంద్రం నుండి గంట గాని, మైకు గాని మోగించండి. ఆ గంటకు అర్థమేమిటో కాపరి పిల్లలందరికీ తెలియాలి.

3. సూచనను కేంద్రం వద్ద నల్లబల్లపై తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. రంగు పేరు, వేళ, చేయవలసిన పని, ఈ మూడు ఉంటే చాలు.

4. జనరేటరును వారానికి ఒకసారి నడిపి చూడండి. డీజిలు నిలువ ఉంచండి.

5. ఏ రోజున ఎంత వాన కురిసినది, ఎన్ని గంటలకు కురిసినది, ఆ రోజు పాలు ఎన్ని లీటర్లు వచ్చినవి అనేవి ఒక పుస్తకంలో రాయండి. నాలుగైదు ఏళ్లు గడిస్తే మీ గూడెం వేసవి ఎలా నడుస్తుందో ఆ పుస్తకమే చెబుతుంది.

మబ్బును ఆపగలిగిన వారు లేరు. మబ్బు వచ్చేలోగా మందను ఇంటికి చేర్చగలిగిన వారు ప్రతి గూడెంలోనూ ఉన్నారు. పై విషయాలను పాలకవర్గ సమావేశంలో చదివి, పాలు పోయడానికి వచ్చే అక్కచెల్లెళ్లకు, మందను కాచే పిల్లలకు విడమరచి చెప్పవలసిందిగా కొండ ప్రాంత సంఘాల అధ్యక్షులను, కార్యదర్శులను కోరుతున్నాము.